పిల్లల మలంలో రక్తం: కారణాలు, నిర్ధారణ

పసిబిడ్డ మలంలో ఎర్రని చార కనిపించగానే కన్నవారి గుండె జారిపోవడం సహజం. ఆ కంగారులో కొందరు మందుల దుకాణానికి వెళ్లి విరేచనాలు కట్టే మందు తెస్తారు. మరికొందరు వేడి చేసిందని సరిపెట్టుకొని ఊరకుంటారు. రెండూ తగవు. మలంలో రక్తం ఒక వ్యాధి కాదు, ఏదో ఒక వ్యాధికి గుర్తు. ఆ వ్యాధిని తేల్చడానికి వైద్యునికి మొదట తోడ్పడేవి మనం చెప్పే వివరాలే: బిడ్డ వయసు, రక్తం రంగు, నొప్పి ఉన్నదీ లేనిదీ.

రంగు ఏమి తెలుపుతుంది?

తాజా ఎర్రని రక్తం సాధారణంగా పెద్దపేగు నుంచి గాని, మలద్వారం నుంచి గాని వస్తుంది. జీర్ణాశయం వంటి పైభాగంలో స్రవించిన రక్తం తారువలె నల్లగా, జిగటగా, దుర్వాసనతో వెలువడుతుంది. అయితే బీట్‌రూట్, రంగు కలిపిన మిఠాయిలు తిన్నా మలం ఎర్రబడవచ్చు. ఐరన్ మందుతో నల్లబడవచ్చు. కాబట్టి బిడ్డ ఏమి తిన్నదో గుర్తుచేసుకోవాలి.

వయసును బట్టి కారణాలు

అప్పుడే పుట్టిన శిశువు, తల్లి చనుమొన పగిలినప్పుడు పాలతోపాటు రక్తం మింగి ఉండవచ్చు. విటమిన్ కె లోపం వల్ల కూడా రక్తస్రావం కలుగవచ్చు. పుట్టిన వెంటనే ఆ ఇంజెక్షన్ ఇచ్చేది అందుకే. తొలి నెలల్లో ఆవుపాలలోని మాంసకృత్తులు పడని పిల్లలకు జిగురుతో కూడిన రక్తపు చారలు కనిపిస్తాయి.

సుమారు మూడు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లల్లో పేగులోని ఒక భాగం పక్క భాగంలోకి చొచ్చుకుపోయే ప్రమాదం ఉంది. బిడ్డ ఉండి ఉండి కాళ్లు పొట్టకు ముడుచుకొని గుక్కపట్టి ఏడుస్తుంది, వాంతులు చేసుకుంటుంది, నడుమ నీరసించి పడి ఉంటుంది. రక్తం, జిగురు కలిసిన ఎర్రని మలం తరువాత గాని కనిపించకపోవచ్చు. దానికోసం వేచి ఉండరాదు.

కాస్త పెద్ద పిల్లల్లో ఎక్కువగా కనిపించే కారణం మలబద్ధకం. గట్టి మలం వల్ల మలద్వారం చీలి, నొప్పితో రక్తం పడుతుంది. నొప్పి లేకుండా పదేపదే రక్తం పడితే పెద్దపేగులోని పిలకను, అంటే పాలిప్‌ను అనుమానించాలి. జ్వరం, కడుపునొప్పితో రక్తవిరేచనాలు అయితే అవి కలుషితమైన నీరు, ఆహారం ద్వారా సోకే షిగెల్లా వంటి సూక్ష్మజీవుల వల్ల కావచ్చు.

నిర్ధారణ ఎలా?

వైద్యుడు మొదట పొట్టను, మలద్వారాన్ని పరీక్షిస్తాడు. చీలిక అయితే చూపుతోనే తెలుస్తుంది. అవసరాన్ని బట్టి మలపరీక్ష, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్ల పరీక్షలు చేయిస్తాడు. పేగు చొచ్చుకుపోయిందేమో అల్ట్రాసౌండ్ చూపుతుంది. పాలిప్‌ను కొలనోస్కోపీతో గుర్తించి, అప్పుడే తొలగించవచ్చు.

బయలుదేరే ముందు

మలం అంటిన గుడ్డనో, దాని ఫొటోనో వెంట తీసుకువెళ్లండి. విరేచనాలవుతుంటే ఓఆర్‌ఎస్ పట్టండి, తల్లిపాలు మానవద్దు. వైద్యుడు చెప్పనిదే విరేచనాలు కట్టే మందు గాని, యాంటీబయాటిక్ గాని వేయవద్దు. అయితే ఎడతెగని వాంతులు, ఉబ్బిన పొట్ట, మగత, పాలిపోయిన ముఖం, మూత్రం రాకపోవడం, ఎక్కువ రక్తం, నల్లని మలం: వీటిలో ఏది కనిపించినా నోటి ద్వారా ఏమీ పట్టకుండా వెంటనే 108కు ఫోన్ చేయండి. నెలలోపు శిశువు మలంలో కాస్త రక్తం కనిపించినా ఆలస్యం తగదు.

మంగళగి మొదలుకొని బీదర్ జిల్లాలో ఎక్కడ ఉన్నా, జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ వైద్యకళాశాల బ్రిమ్స్ బోధనాసుపత్రికి చేరవచ్చు. భాష రాదన్న జంకుతో ఇంట ఆగిపోవద్దు. “మగువిన మలదల్లి రక్త బరుత్తిదె” అంటే బిడ్డ మలంలో రక్తం వస్తోందని అర్థం. “హొట్టె నోవు” అంటే కడుపునొప్పి. ఈ రెండు కన్నడ మాటలు గుర్తుంటే చాలు, బిడ్డకు అందవలసిన వైద్యం మాట తెలియక ఆగిపోదు.