వార్తలకు ఒక రచ్చబండ: అంతర్జాల చర్చావేదికను తీర్చిదిద్దడం ఎలా?

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హోసపేట వద్ద తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు ప్రవాహంలో కొట్టుకుపోయింది. కట్టడంపై ఒత్తిడి తగ్గించడానికి మిగిలిన గేట్లను సైతం ఎత్తి, నిండుగా ఉన్న జలాశయం నుండి నీటిని నదిలోకి విడువవలసి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో ఇంజనీర్లు, కార్మికులు వారం రోజులు శ్రమించి, స్టాప్‌లాగ్ అనే ఇనుప పలకలను దించి ఆ ఖాళీని మూసివేశారు.

ఆ జలాశయంపై ఆధారపడినది ఒక్క ఊరు కాదు, ఒక్క రాష్ట్రం కూడా కాదు. ఎడమ కాలువ కొప్పళ, రాయచూరు జిల్లాలకు, కుడివైపు కాలువలు బళ్లారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలకు నీరందిస్తాయి. దిగువన రాజోలిబండ కాలువ గద్వాల ప్రాంతానికి ఆధారం. గొలుసు ఎందుకు తెగింది, పోయిన నీరు ఎవరి వాటాలోకి లెక్కకు వస్తుంది, రెండవ పంటకు నీరు ఉంటుందా అన్న ప్రశ్నలు సింధనూరు పరిసరాల తెలుగు క్యాంపులోని రైతుకూ, రాయచూరు కన్నడ రైతుకూ, కర్నూలు రైతుకూ సమానమైనవే. అయితే ఆ ముగ్గురూ ఒక్క చోట కూర్చుండి మాట్లాడుకొనే తావు లేదు. ఒకరు కన్నడ పత్రిక చదువుతారు, మరొకరు తెలుగు పత్రిక చదువుతారు. ఎవరి రచ్చబండ వారిది.

అంతర్జాలం ఈ దూరాన్ని తొలగించగలదు. సరిహద్దుకు ఇరువైపులవారు ఒకే వార్తను చర్చించుకొనే వెబ్‌సైటును నెలకొల్పడానికి నేడు పెద్ద ధనము అవసరం లేదు, కంప్యూటరు తెలిసిన ఇద్దరు ముగ్గురు యువకులు చాలు. కష్టమంతా యంత్రంలో లేదు, ఆ వేదికకు ఏర్పరచవలసిన కట్టుబాట్లలో ఉన్నది.

రచ్చబండ నేర్పే పాఠం

రావిచెట్టు క్రింది రచ్చబండకు వ్రాసిపెట్టిన నియమాలు ఏవీ లేవు. అయినా అక్కడ మాట అదుపులో ఉండేది. మాట్లాడే మనిషి ఎవరో అందరికీ తెలుసు. అతడు అన్న మాటకు మరునాడు అదే వీధిలో జవాబు చెప్పుకోవాలి. ఇద్దరు ఒకేసారి అరిస్తే పెద్దమనిషి వారించేవాడు. ప్రొద్దు గూకితే చర్చ ముగిసేది, రాత్రి గడిచేసరికి కోపం చల్లారేది.

అంతర్జాలంలో ముఖం కనబడదు, వారించే పెద్ద ఉండడు, ప్రొద్దు గూకడం అనేది లేదు. అందుచేత రచ్చబండ వద్ద అలవాటు చేసిన పనిని ఇక్కడ నియమము చేయాలి. ఎవరు మాట్లాడవచ్చు, ఎప్పుడు మాట్లాడవచ్చు, ఎవరి మాట పైన కనబడుతుంది, తప్పు మాటను ఎవరు తీసివేస్తారు అన్న నాలుగు విషయాలను నిర్ణయించడమే వేదికను తీర్చిదిద్దడం.

అట్లని పాత రచ్చబండలో లోపం లేదనడం పొరపాటు. అక్కడ స్త్రీలకు చోటు ఉండేది కాదు. దళితులు దూరంగా నిలబడి వినవలసిన ఊళ్లు అనేకం. కొత్త వేదిక పాతదాని అదుపును తెచ్చుకోవాలి గాని, ఆ గోడలను తెచ్చుకోకూడదు.

కట్టుబాటు లేనినాడు ఏమి జరిగినది?

2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్ ద్వారా వదంతులు ఊరూరా పాకాయి. జూలై 1వ తేదీన మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడలో భిక్షాటనకు వచ్చిన సంచార కులానికి చెందిన ఐదుగురిని గుంపు కొట్టి చంపింది. జూలై 13న బీదరు జిల్లా ముర్కి వద్ద, హైదరాబాదు నుండి వెళ్లిన ఒక యువ ఇంజనీరు ప్రాణాలు కోల్పోయాడు. ఆయన మిత్ర బృందం బడిపిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే అనుమానానికి కారణం. వారు కారులో బయలుదేరేసరికే సందేశం ముందు ఊరికి చేరి, అక్కడ దారి కాచారు. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర కలిసే చోటు అది.

"నిప్పు లేనిదే పొగ రాదు" అన్న సామెత ఆ రోజులలో ఎందరినో మోసగించింది. సందేశం పంపినవాడు ఎవరో తెలియదు, ఆ దృశ్యం ఏ నాటిదో తెలియదు, ప్రశ్నించే తావు లేదు, ముందుకు పంపే మీట మాత్రం వ్రేలి క్రింద ఉన్నది.

అదే సంవత్సరం కర్ణాటక సరిహద్దులోని జోగులాంబ గద్వాల, దాని ప్రక్కనున్న వనపర్తి జిల్లాలలో పోలీసు అధికారిగా ఉన్న రెమా రాజేశ్వరి మరొక మార్గం ఎంచుకున్నారు. ఒక్కొక్క కానిస్టేబులుకు గ్రామాలను అప్పగించి, ఇంటింటికీ వెళ్లి మాట్లాడమన్నారు. జానపద కళాకారుల పాటలతో, డప్పుతో వదంతుల గుట్టు విప్పి చెప్పించారు. సందేహం వచ్చినవారు అడగడానికి తెలిసిన మనిషి ఒకరు ఊరికి దొరికారు. అదే ఏడు జూలైలో వాట్సాప్ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపే వీలు లేకుండా చేసింది. మొదటిది మనుషుల మధ్య పెట్టిన కట్టుబాటు, రెండవది యంత్రంలో పెట్టిన కట్టుబాటు. చర్చావేదికకు రెండూ కావాలి.

చదివిన తరువాతనే మాట

శీర్షిక మాత్రం చూసి వాదనకు దిగేవారు ప్రతి ఊరిలోను ఉంటారు. దీనికి నార్వే దేశపు ప్రభుత్వ ప్రసార సంస్థలోని సాంకేతిక వార్తల విభాగం ఎన్నార్కే బీటా 2017లో ఒక ఉపాయం ప్రయోగించింది. వార్త చదివి అభిప్రాయం వ్రాయదలచినవారు ముందుగా ఆ వార్తపైనే మూడు చిన్న ప్రశ్నలకు జవాబు ఇవ్వాలి. చదవనివాడు జవాబు చెప్పలేడు. చదివినవాడికి ఆ కొద్ది క్షణాలలో ఆవేశం కొంత తగ్గుతుంది.

సరిహద్దు వేదికకు ఇది ఎంతో అనువైనది. గేటు వార్త క్రింద "తెగినది ఎన్నవ గేటు గొలుసు? అది ఏ తేదీన జరిగింది?" అని అడిగితే చాలు. తేదీ అడగడం మరీ ముఖ్యం. పాత వరద దృశ్యాన్ని నేటిదిగా చూపే మోసం తేదీ ప్రశ్న ముందు నిలబడదు.

ఏ మాట పైకి రావాలి?

ఎక్కువమంది చూసిన మాటను పైకి తెచ్చే వేదికలో పెద్ద గొంతు గెలుస్తుంది. అమెరికాలో 1997లో రాబ్ మాల్డా ప్రారంభించిన స్లాష్‌డాట్ సాంకేతిక వార్తల చర్చలో వేరొక పద్ధతి తెచ్చింది. అక్కడ ప్రతి మాటకు రుణ ఒకటి నుండి ఐదు వరకు విలువ ఉంటుంది. విలువ కట్టే అధికారం కొద్దికాలానికి కొందరు సభ్యులకు, పరిమితమైన సంఖ్యలో లభిస్తుంది. వారు మంచిది, చెడ్డది అని ఊరుకొనరు. సమాచారం ఇచ్చినది, లోతైనది, హాస్యం, విషయానికి సంబంధం లేనిది అంటూ కారణం గుర్తించాలి. ఏ చర్చలో తీర్పరిగా ఉన్నారో ఆ చర్చలో వారు వాదించరాదు. వాది తానే తీర్పు చెప్పరాదన్న పంచాయతీ ధర్మమే ఇది.

తైవాన్ 2015లో మరికొంత ముందుకు వెళ్లింది. ఉబర్ టాక్సీల రాకపై డ్రైవర్లకు, ప్రయాణికులకు మధ్య వివాదం చెలరేగినప్పుడు, వీతైవాన్ అనే ప్రజా చర్చా ప్రక్రియలో పోలిస్ అనే సాధనాన్ని ఉపయోగించారు. అందులో ఒకరి మాటకు మరొకరు ఎదురు జవాబు వ్రాసే వీలే లేదు. ఒక వాక్యం కనబడుతుంది. అంగీకరించడం, అంగీకరించకపోవడం, దాటవేయడం అన్న మూడే దారులు. నచ్చకపోతే తన వాక్యాన్ని వేరుగా వ్రాయవచ్చు. ఏయే గుంపులు ఏర్పడ్డాయో, విరుద్ధ గుంపులు రెండూ ఒప్పుకొన్న వాక్యాలు ఏవో యంత్రం లెక్కగట్టి చూపుతుంది. ప్రయాణికుల భద్రత, బీమా వంటి అంశాలలో ఇరుపక్షాలకూ అంగీకారం ఉన్నదని ఆ విధంగా బయటపడింది.

ఈ పద్ధతిని తుంగభద్రకు అన్వయించి చూడవచ్చు. "తప్పంతా ఆ రాష్ట్రానిదే" అన్న వాక్యాన్ని ఒక వైపువారే ఒప్పుకొంటారు, అది క్రిందనే ఉంటుంది. "వానాకాలానికి ముందు ప్రతి ఏటా గేట్లను తనిఖీ చేసి, ఆ నివేదికను కన్నడంలోను, తెలుగులోను ప్రకటించాలి" అన్న వాక్యాన్ని కొప్పళ రైతు, కర్నూలు రైతు ఇద్దరూ కాదనలేరు. అది పైకి వస్తుంది. అటువంటి పది వాక్యాలు చేరితే, అది అధికారులకు సమర్పించదగిన వినతిపత్రమే అవుతుంది.

పేరు చెప్పాలా, దాచాలా?

అసలు పేరు పెడితే బూతులు ఆగుతాయని చాలామంది భావిస్తారు. దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లలో అభిప్రాయం వ్రాసేవారు తమ గుర్తింపును రుజువు చేయాలని చట్టం చేసింది. 2011లో అక్కడి ఒక పెద్ద సంస్థ నుండి సుమారు మూడున్నర కోట్ల మంది సభ్యుల వివరాలు దొంగల పాలయ్యాయి. 2012 ఆగస్టులో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం, భావప్రకటన స్వేచ్ఛకు భంగమని చెప్పి ఆ నియమాన్ని కొట్టివేసింది.

గ్రామంలో ఈ ప్రశ్న మరింత సున్నితమైనది. రేషను దుకాణం గురించి మాట్లాడే కోడలు అసలు పేరుతో వ్రాయగలదా? అందుచేత మధ్యేమార్గం మేలు. సభ్యులను చేర్చుకొనేటప్పుడు నిర్వాహకులకు మనిషి తెలియాలి, ఫోను నంబరు సరిచూడాలి. బయటికి మాత్రం ఒకే స్థిరమైన మారుపేరు చాలు. మారుపేరుకు కూడా కాలక్రమంలో మర్యాద ఏర్పడుతుంది, దానిని పోగొట్టుకొనడానికి ఎవరూ ఇష్టపడరు. అనవసరమైన వివరాలు అడగకపోవడం, అడిగినవి భద్రపరచడం నిర్వాహకుల బాధ్యత.

ఏ లిపిలో?

సరిహద్దు కుటుంబాలకు ఇది ప్రాణసమానమైన ప్రశ్న. ఇంటిలో తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడమో, ఒడియానో, మరాఠీయో చదివిన పిల్లలు వేలల్లో ఉన్నారు. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి దశలవారీగా తప్పనిసరి చేసింది. హోసూరు ప్రాంతంలో తెలుగు బాగా మాట్లాడి, తెలుగు లిపి చదువలేని వారికి వేదికలో చోటు లేకపోతే అది ఎవరి వేదిక?

యూనికోడ్‌లో తెలుగు, కన్నడ అక్షరాల పట్టికలు ఒకే వరుసలో అమరి ఉన్నాయి. తెలుగు మాటను కన్నడ లిపిలో, కన్నడ లిపిలో వ్రాసిన తెలుగును తెలుగు లిపిలో చూపడం కంప్యూటరుకు సులభం. తమిళ లిపిలో క, గ వంటి భేదాలు లేనందున అక్కడ కొంత జాగ్రత్త అవసరం. వ్రాయలేని పెద్దలకు గొంతే దారి. ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌదరి 2010లో ప్రారంభించిన సీజీనెట్ స్వర, గోండు గ్రామాలవారు మామూలు ఫోనులో తమ వార్తను చెప్పే వీలు కల్పించింది. ఆ మాటను సరిచూసిన తరువాతనే అందరికీ వినిపించేవారు. సరిచూసే ఆ మెట్టును ఎన్నడూ వదలకూడదు.

కాపలా ఎవరిది?

నిర్వాహకులు సరిహద్దుకు ఒకే వైపువారు కాకూడదు. రెండు భాషలు తెలిసినవారు, అందులో స్త్రీలు, వేర్వేరు కులాలవారు ఉండాలి. ఒక మాటను తొలగిస్తే ఏ నియమం ప్రకారమో అక్కడే వ్రాయాలి. పునర్విచారణ కోరే హక్కు ఇవ్వాలి. పండుగలకు, ఎన్నికలకు ముందు, వదంతి పుట్టినప్పుడు చర్చను ఒక రాత్రి మూసివేసే అధికారం వారికి ఉండాలి. ప్రొద్దు గూకడాన్ని తిరిగి తెచ్చుకోవడమంటే ఇదే.

చట్టం విషయానికి వస్తే, సమాచార సాంకేతిక చట్టం 66ఏ విభాగాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. అంతమాత్రాన ఏదైనా అనవచ్చునని అర్థం కాదు. పరువునష్టం, వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం నేరములే. ఇతరుల మాటలను ప్రచురించే వేదిక ఫిర్యాదులు స్వీకరించే అధికారిని నియమించి, ఆయన వివరాలు తెలియజేయాలని 2021 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి.

మొదట రెండు మూడు ఊళ్లతో, వారానికి ఒకే వార్తతో ఆరంభించడం మంచిది. ఆ వార్తను రెండు భాషల పత్రికలు ఎట్లా వ్రాశాయో ప్రక్కప్రక్కన ఉంచి, మూడు ప్రశ్నలు అడిగి, అటుపిమ్మట చర్చకు తలుపు తెరవాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు అన్నారు. ముర్కి దారిలో ఆ సాయంకాలం "ఈ మాట ఎవరు చెప్పారు, మీరు చూశారా?" అని అడిగి, జవాబు వచ్చే వరకు ఆగే అలవాటు ఉన్నట్లయితే, ఒక ఇంటి దీపం ఆరిపోయేది కాదు.