గిడ్డంగి రోడ్డునకు ఏ తారు వేయవలెను?

పంటను పండించుట యెంత ముఖ్యమో, దానిని చెడకుండ గిడ్డంగికి చేర్చుటయు నంత ముఖ్యము. పొలమునుండి సంఘపు గిడ్డంగికి వచ్చు దారిలో కడపటి రెండు మూడువందల గజములే తఱచుగా మిక్కిలి పాడై యుండును. లారీలు వరుసగా నిలుచునది అచ్చటనే. మలుపు తిరుగునది అచ్చటనే. కాటా యెక్కునది అచ్చటనే. గోతిలో ట్రాక్టరు ట్రక్కు ఒరిగి బస్తాలు పగిలినను, ఇరుసు విఱిగినను నష్టము రైతుదే. లారీ లోపలికి రాలేని దినమున వాన కురిసినచో తడియునది రైతు ధాన్యమే. అందుచేత పెక్కు సంఘములు ఇట్టి రోడ్డునకు మరల తారు వేయింప తలపెట్టుచుండును. అది సభ్యుల సొమ్ముతో జరుగు పని. వేసిన తారు రెండు వర్షాకాలములు దాటకుండ లేచిపోయినచో ఆ సొమ్ము మరల రాదు.

క్రొత్తగా వేసిన నాడు ప్రతి తారురోడ్డును నల్లగా, నున్నగా నుండును. మంచి పనికిని చెడ్డ పనికిని గల భేదము ఆనాడు కంటికి కనబడదు. కనబడునాటికి బిల్లు చెల్లించి యుందుము. కావున సామగ్రిని ఎన్నుకొనుట పని మొదలుపెట్టకమునుపే, కాగితముమీదనే జరుగవలెనని మా అభిప్రాయము. ఇందుకు సభ్యులు ఇంజనీర్లు కానక్కఱలేదు. విత్తనము, ఎరువు కొనునప్పుడు చూపు జాగ్రత్త యిచ్చటను చూపిన చాలును.

పాత రోడ్డును పరీక్షించుట

తెగులు తెలియక మందు చల్లరాదు గదా! రోడ్డు ఏల పాడైనదో మొదట చూడవలెను. పైకంకర గింజగింజగా లేచిపోవుచు, అడుగు గట్టిగా నున్నచో, పై తారు ముసలిదై పట్టు వదలినదని అర్థము. అట్టి రోడ్డునకు పైపొర వేసిన చాలును. చక్రముల జాడలో పల్లములు పడి, మొసలి చర్మమువలె చిన్న చిన్న గళ్ళుగా పగిలి యున్నచో, తఱచుగా అడుగే మెత్తబడినదని తెలిసికొనవలెను. దానిపై ఎంత మేలైన తారు పోసినను ఆ పగుళ్ళు మరల పైకి వచ్చును. అంతవఱకు త్రవ్వి, కంకర మార్చి, రోలరుతో గట్టిపఱచిన పిమ్మటనే పైపని చేయింపవలెను.

నల్లరేగడి నేలల గుణము రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అది తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వాఱును. దానిపైనున్న రోడ్డును దానితో కదలును. కావున రేగడి నేలలో ప్రక్క కాలువ లేని రోడ్డునకు తారు వేయించుట వ్యర్థము. మొదటి రూపాయి కాలువకు, రెండవది అడుగు కంకరకు, మూడవది తారునకు వ్యయపఱచుట మంచి క్రమము. నడుమ కొంచెము ఎత్తుగా నుంచి రెండు ప్రక్కలకు నీరు జాఱునట్లు చేయుట మఱవరాదు.

బరువు లెక్క

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రమందలి ఒటావా పట్టణము చెంత 1958 మొదలు 1960 వఱకు వేర్వేఱు బరువుల లారీలను పరీక్షా రోడ్లపై త్రిప్పి చూచిరి. ఇరుసుపై బరువు రెండింతలైనచో రోడ్డునకు కలుగు హాని రెండింతలు గాక, సుమారు 16 రెట్లగునని అందువలన తేలినది. మన దేశమున నాలుగు చక్రముల ఒంటి ఇరుసుపై ఉండదగు బరువును 10.2 టన్నులనుండి 11.5 టన్నులకు 2018లో పెంచిరి. బరువు పెరిగినది ఎనిమిదవ వంతు మాత్రమే. రోడ్డునకు హాని యన్ననో ఒకటిన్నర రెట్లు దాటును. కావున దినమునకు నూఱు మోటారుసైకిళ్ళు పోవు వీథికి చాలిన తారుపని, పంటకాలమున పది ధాన్యపు లారీలు నిలుచు గిడ్డంగి రోడ్డునకు చాలదు.

రాయి

తారురోడ్డనుపేరేగాని, అందులో నూటికి సుమారు 95 పాళ్ళు రాయియే. బరువు మోయునది రాయి. దానిని కట్టి యుంచునది తారు. రాయి గట్టిదై, ఘనాకారమునకు దగ్గఱగా నుండవలెను. పలుచని పెచ్చులు రోలరు క్రిందనే విఱుగును. పెచ్చులును పొడుగు ముక్కలును కలిసి నూటికి 35 పాళ్ళు మించరాదనియు, రాయి నూటికి 2 పాళ్ళకంటె హెచ్చు నీరు పీల్చరాదనియు రోడ్డు పనుల నిబంధన. ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతములందలి నల్లరాయి తారును బాగుగ పట్టును. ఇతర జిల్లాలలో హెచ్చుగ దొరకు గ్రానైటు గట్టిదే కాని, దానికి తారుకంటె నీటిపై మక్కువ యెక్కువ. వానలో నీరు రాతికిని తారుకును నడుమ దూఱి పొరను ఊడదీయును. అట్టి రాతితో పనిచేయునప్పుడు నూటికి 2 పాళ్ళు తడిచల్లిన సున్నపుపొడి కలిపించినచో పట్టు హెచ్చును. ఉత్తర కోస్తాలో ఎండవానలకు మెత్తబడిన ఖొండలైటు రాయి పైపొరకు పనికిరాదు.

సభ్యులు స్వయముగ చూడదగిన పరీక్ష యొకటి కలదు. తారు పట్టించిన కంకరను గాజుపాత్రలో నీరు పోసి, 40 డిగ్రీల వెచ్చదనమున ఒక దినమంతయు నుంచవలెను. మఱునాడు చూడగా రాతిపై నూటికి 95 పాళ్ళైనను తారు నిలిచి యుండవలెను. తెల్లని రాయి బయటపడినచో ఆ కంకరను, లేదా ఆ కలపుటను మార్చవలెను. దుమ్ముపట్టిన కంకరకు తారు అంటదు. మన్ను కలిసినదానిని త్రోసిపుచ్చవలెను.

తారు

తారు అని మనము వాడుకగా చెప్పుచున్నది నేడు పెట్రోలియమును శుద్ధిచేయగా మిగులు బిట్యుమెన్. విశాఖపట్టణపు శుద్ధి కర్మాగారమందును ఇది తయారగుచున్నది. బొగ్గునుండి తీయు తారు వేఱు. అందు కాన్సరు కలిగించు పదార్థములు హెచ్చు గనుక ధాన్యము దిగు ఆవరణలో దానిని రానీయరాదు.

బిట్యుమెన్‌ను పూర్వము సూది దిగు లోతునుబట్టి 80/100, 60/70 అని విభజించెడివారు. 2006నుండి చిక్కదనమునుబట్టి వి.జి. 10, 20, 30, 40 అను తరగతులు వచ్చినవి. అంకె హెచ్చినకొలది వేడిలో గట్టితనము హెచ్చు. మన యెండలలో నల్లని రోడ్డు పైభాగము 60 డిగ్రీలు దాటి కాగును. అప్పుడు మెత్తని తారు లారీ చక్రము క్రింద ముద్దవలె జరుగును. కావున వి.జి. 10 మన పైపొరకు తగదు. అది చలిప్రదేశములకును, చల్లుడు పనికిని తగినది. సాధారణముగ లారీలు నడచు రోడ్డునకు వి.జి. 30 తగును. లారీలు బరువుతో నిలుచు ఆవరణకును, మలుపునకును వి.జి. 40 మేలు. కాటా ముందరను, డీజిలు కారు చోటను సిమెంటు కాంక్రీటు వేయించుట మఱింత మేలు. ఏలనన డీజిలు బిట్యుమెన్‌ను కరగించును, సిమెంటును కరగింపదు.

తారులో ప్లాస్టిక్కు చెత్త కలుపు పద్ధతియు కలదు. మధురలోని త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల ఆచార్యులు ఆర్. వాసుదేవన్ గారు దీనికి ప్రసిద్ధులు. 2018లో వారికి పద్మశ్రీ లభించినది. తారు బరువులో నూటికి 6 మొదలు 8 పాళ్ళ వఱకు తురిమిన ప్లాస్టిక్కును కాగిన కంకరపై చల్లి కలుపుదురు. అది రాతికి పట్టు పెంచును. అయితే పాత పి.వి.సి. గొట్టముల తునకలు ఇందులో కలుపరాదు. వేడికి వానినుండి విషవాయువు వెలువడును.

అతుకు

పాత రోడ్డునకును క్రొత్తపొరకును అతుకు కుదరనిచో, పెనమునుండి అట్టు లేచినట్లు పైపొర లేచివచ్చును. అందులకై రోడ్డును ఊడ్చి, ఎమల్షన్ అను నీటిలో కలిపిన తారును పలుచగా చల్లుదురు. పాత తారుపై చదరపు మీటరునకు 200 మొదలు 300 గ్రాములు చాలును. హెచ్చైనచో పైపొర జాఱును. దాని గోధుమరంగు పోయి నలుపెక్కిన పిమ్మటనే పై మిశ్రమము పఱపింపవలెను.

పనినాటి జాగ్రత్తలు

ఇచ్చట సంఘమునకు గొప్ప సాధనము కలదు. అది మన కాటాయే. ఉదాహరణకు, 200 మీటర్ల పొడుగు, 3.75 మీటర్ల వెడల్పు గల రోడ్డుపై అణగిన పిమ్మట 30 మిల్లీమీటర్ల మందము వేయవలెననుకొందము. వైశాల్యము 750 చదరపు మీటర్లు, మిశ్రమము 22.5 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు సుమారు 2.35 టన్నులు తూగును గనుక మొత్తము దాదాపు 53 టన్నులు కావలెను. అందు తారు నూటికి 5.4 పాళ్ళ చొప్పున 2,850 కిలోగ్రాములు పట్టును. వచ్చిన లారీల తూకపుచీట్లు కలిపి చూడగా 35 టన్నులే తేలినచో, మందము 20 మిల్లీమీటర్లే యనుట నిశ్చయము. దీనికి వాదోపవాదములతో పనిలేదు.

వేడియు చూడవలెను. వి.జి. 30తో చేసిన మిశ్రమము కలియునప్పుడు 150 మొదలు 165 డిగ్రీలును, పఱచునప్పుడు 140 డిగ్రీలకు తగ్గకయు నుండవలెను. 90 డిగ్రీలకు దిగకమునుపే రోలరు పని ముగియవలెను. లారీపై నీలిపొగ లేచినచో తారు మాడినదని, గడ్డకట్టి కాంతిహీనముగ నున్నచో చల్లాఱినదని అనుమానింపవలెను. దూరపు ప్లాంటునుండి టార్పాలిను కప్పక వచ్చు సరకు విషయమై మఱింత జాగ్రత్త యవసరము. వానలోను, తడిసిన నేలపైనను పని వలదు. సంక్రాంతి తరువాత ఖరీఫు లారీలు తగ్గి, రబీ ధాన్యము రాకమునుపు గల కాలము మన ప్రాంతమునకు అనుకూలము.

తరువాతి కాపుదల

దమ్ముచక్రములతో ట్రాక్టరును తారుపై నడిపినచో మేలైన పొరయు ఒక్కనాటిలో చీలును. వానిని విప్పియో, ట్రక్కుపై నెక్కించియో తీసికొనిపోవలెను. రోడ్డుపై ధాన్యము, మిరపకాయలు ఆరబోసి చుట్టును రాళ్ళు పేర్చుట ప్రమాదములకు మూలము. కళ్ళము వేఱుగ నుండవలెను. చిన్న గోతిని వర్షాకాలమునకు ముందే పూడ్పించినచో పెద్ద ఖర్చు తప్పును.

సభ్యులారా! రోడ్డు విషయము సర్వసభ్య సమావేశమునకు వచ్చినప్పుడు, తక్కువ ధర యెవరిదని మాత్రమే యడుగకుడు. తారు తరగతి, రాతి పరీక్ష, అణగిన మందము, పఱచునప్పటి వేడి, కాటా తూకము, లోపములు సరిచేయవలసిన గడువు: ఈ యాఱును ఒప్పందములో వ్రాయించి, తీర్మానపు పుస్తకమున నెక్కించి, అటుపిమ్మట ధరను చూడుడు. ఆ యాఱును వ్రాసి యిచ్చుటకు సమ్మతింపని కంట్రాక్టరునకు సంఘపు సొమ్ము ఒప్పగింపకుడని మా మనవి.