గడియార గోపురం తప్పా?

బళ్లారిలో ఉండే మా బంధువుల పిల్లవాడు వేసవి సెలవులకు అనంతపురం వెళ్లాడు. నడిబొడ్డున ఎత్తుగా ఉన్న గడియారాన్ని చూసి ‘‘అదిగో.. గడియార గోపురం!’’ అన్నాడు. అంతే, పక్కనున్న పిల్లలంతా పడీపడీ నవ్వారట. ‘‘ఒరేయ్, గోపురం గుడికి ఉంటుంది. దీన్ని టవర్ క్లాక్ అంటారు’’ అని పాఠం చెప్పారట. ఊరికి తిరిగొచ్చాక వాడు వాళ్ల అవ్వను అడిగిన మొదటి ప్రశ్న.. ‘‘అవ్వా, మనం మాట్లాడేది తప్పు తెలుగా?’’

సరిహద్దుకు ఇవతల బతికే మనకు ఈ ప్రశ్న కొత్తేం కాదు. పెళ్లికో పేరంటానికో అటు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు మన మాటను సరిదిద్దుతూనే ఉంటారు. సరే, ఈ ఒక్క మాట సంగతైనా తేల్చుకుందాం.

గడియారం ఉన్న ఆ ఎత్తయిన కట్టడాన్ని తెలుగు పుస్తకాల్లో ‘గడియార స్తంభం’ అని రాస్తారు. కన్నడిగులు ‘గడియార గోపుర’ అంటారు. తమిళులది ఇంకో దారి.. ‘మణిక్కూండు’. అంటే గంటల గూడు! ఒకే కట్టడం ఒకరికి స్తంభం, ఒకరికి గోపురం, మరొకరికి గూడు. బళ్లారి పిల్లవాడి నోట్లో బడిలో విన్న కన్నడ మాట తెలుగు వేషం వేసుకుని వచ్చింది. నవ్విన పిల్లలు చెప్పింది మాత్రం తెలుగా? ‘టవర్ క్లాక్’ అట! ఇంగ్లిష్‌లో క్లాక్ టవర్.. మన దగ్గరికొచ్చి తలకిందులైంది.

గుడికంటే ముందు ఊరిదే!

అసలు గోపురం గుడి సొత్తేమీ కాదు. సంస్కృతంలో ఆ మాటకు పాత అర్థం నగర ద్వారం, అంటే కోట వాకిలి. గుడి కూడా ప్రాకారాలతో చిన్న కోటలా పెరిగాక వాకిలి మీద అంతస్తులు లేచాయి, పేరు అక్కడ స్థిరపడింది. ఇప్పటికీ చూడండి.. దక్షిణాది గుళ్లలో గోపురం ఉండేది వాకిలి మీదనే. గర్భగుడి మీద ఉండేది విమానం. తిరువణ్ణామలైలో 11 అంతస్తులు, 217 అడుగుల రాజగోపురాన్ని మొదలుపెట్టించింది మన కృష్ణదేవరాయలే. శ్రీరంగంలో 236 అడుగుల రాజగోపురం మాత్రం నిన్నమొన్నటిది, 1987లో పూర్తయింది. ఒడిశా గుళ్లకు ఈ వాకిలి గోపురాల సంప్రదాయం లేదు. గుడినే ‘దేవుళ’ అంటారు.

తమిళులు గోపురాన్ని గుడి దాటించి బయటికీ తెచ్చారు. వాళ్ల పేపర్లలో సెల్‌ఫోన్ టవరు ‘సెల్‌ఫోన్ గోపురం’. 2001లో న్యూయార్క్‌లో కూలినవి వాళ్లకు ‘జంట గోపురాలు’. అదే తెలుగు పేపర్లకు ‘జంట భవనాలు’. మనవాళ్లు గోపురాన్ని దేవుడికి వదిలేసి, మిగతా వాటన్నిటికీ టవరును అరువు తెచ్చుకున్నారు. కాబట్టి బళ్లారి పిల్లవాడు గోపురాన్ని గుడి బయట నిలబెట్టాడని నవ్వాల్సిన పనేముంది? అది మొదట ఉన్నది గుడి బయటే కదా!

కొత్తళం పోయి బురుజు వచ్చె..

కోట సంగతికొస్తే కథ మరింత రంజుగా ఉంటుంది. రాయచూరు కోట లోపలి గోడలో నలభై అడుగులు దాటిన ఒకే ఒక్క రాయి ఉంది. దాని మీద శాసనం తెలుగులో ఉంది! కాకతీయుల నాటిది, 1294 నాటిది. బయటి గోడ 16వ శతాబ్దంలో ఆదిల్‌షాహీలు కట్టించింది. ఈ రెండు గోడల మధ్య రాజ్యాలు మారాయి, మాటా మారింది. కోట గోడ మీద ముందుకు పొడుచుకొచ్చిన దిట్టమైన కట్టడానికి మన పాత మాట కొత్తళం. సుల్తానుల సేనలతో, ఫిరంగులతో పాటు బురుజు వచ్చింది. విజయపురలో 1584లో కట్టిన ఉప్లీ బురుజు సుమారు 80 అడుగులు. నెత్తిన పొడవాటి ఫిరంగులు ఇంకా ఉన్నాయి.

బురుజు అరబ్బీ ‘బుర్జ్’. ఆ భాషలో ఆకాశంలోని రాశిని కూడా బుర్జ్ అనే అంటారు. అరబ్బీకి అది గ్రీకు ‘పిర్గోస్’ నుంచి చేరిందని చాలామంది భాషావేత్తల మాట. మరాఠీలో అదే బురూజ్, కన్నడలో బురుజు. కర్నూలులో కొండారెడ్డి బురుజు ఉంది (2003లో ‘ఒక్కడు’ చూశాక దాన్ని ఎరగని తెలుగువాడు లేడు). విశాఖలో బురుజుపేట ఏకంగా పేటే అయింది. దుబాయిలో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా 2010లో తెరుచుకుంది. పొట్టకూటికి అక్కడికి వెళ్లిన మనవాళ్లకు ఆ పేరు పరాయిదేమీ కాదు. ఊళ్లో చిన్నప్పుడు ఎక్కి దూకిన బురుజే అది, పేరు వరకైనా.

కొత్తళం పూర్తిగా పోయిందా? పోలేదు. చెన్నైలో ఉంటున్న మనవాళ్లను అడగండి. 1974లో కరుణానిధి మొదలుపెట్టినప్పటి నుంచి ఏటా ఆగస్టు 15న ముఖ్యమంత్రి జెండా ఎగరేసేది ‘కోట్టై కొత్తళం’ మీద. అదే రోజు ఢిల్లీలో ప్రధాని మాట్లాడేది తెలుగు పేపర్లలో ‘ఎర్రకోట బురుజు’ మీది నుంచి. బళ్లారి, చిత్రదుర్గం వైపు ‘కోటె కొత్తల’ ఇప్పటికీ జంటమాటే. మన పాత మాటను పక్కింటివాళ్లు దాచిపెట్టారు. అక్కడున్న మనవాళ్ల నోట్లో అది ఇంకా ఆడుతోంది.

ఇక టవరు. లాటిన్‌లో తుర్రిస్, ఫ్రెంచిలో తూర్, ఇంగ్లిష్‌లో టవర్. యానాం పెద్దలకు ఫ్రెంచి తూర్ తెలిసే ఉంటుంది. 1954 దాకా అక్కడ నడిచింది ఫ్రెంచివాళ్ల పాలనే. ఇప్పుడు ఆ ఊళ్లో ఈఫిల్ టవర్ పోలికలో కట్టిన ఇనుప కట్టడాన్ని మాత్రం పిల్లా పెద్దా అందరూ టవరనే అంటున్నారు.

ఈ టవరు కూడా ఊరికే కూర్చోలేదు. ‘‘టవర్ లేదు’’ అంటే కట్టడం లేదని కాదు, ఫోనుకు సిగ్నల్ అందలేదని. కన్నడిగులు ‘‘టవర్ సిగ్తిల్ల’’ అంటారు, తమిళులు ‘‘టవర్ కిడైక్కల’’ అంటారు. కంటికి ఆనని వస్తువుకు ఇంత ఎత్తు మాట!

బళ్లారి అవ్వ ఆ సాయంత్రం అనంతపురానికి ఫోను చేసింది. ‘‘మా వాడు అన్నదాంట్లో తప్పు లేదంట. గోపురమంటే మొదట ఊరి వాకిలేనంట’’ అని గట్టిగానే చెప్పింది. అటువైపు నుంచి మనవరాలి గొంతు ఒక్క ముక్క వినిపించి ఆగిపోయింది.

‘‘అవ్వా.. టవర్ లేదే..’’