ముసుగు ఖాతాలు - చట్టమార్గము

ఆకాశరామన్న ఉత్తరములు మన పల్లెలకు క్రొత్త కావు. అట్టి ఉత్తరము వచ్చినపుడు దస్తూరీని బట్టియు, తపాలా ముద్రను బట్టియు వ్రాసినవాడెవడో ఊరి పెద్దలు ఊహించెడివారు. నేటి ఆకాశరామన్నకు దస్తూరీ లేదు. నల్లజర్లలోని ఒక గృహస్థుని పేరును, ఛాయాచిత్రమును అపహరించి, ఫేస్‌బుక్కులో మఱియొక ఖాతా తెఱచి, ఆయన బంధువులను పదివేలు పంపుడని యాచించు దుండగీడు పొరుగింటివాడో, పొరుగు రాష్ట్రమువాడో తెలియదు. తాడేపల్లిగూడెము ఉల్లి వర్తకుని పరపతిని గాని, కొల్లేటి చెఱువుల కౌలుదారుని ఇంటి ఆడపడుచు పరువును గాని ఒక్క రాత్రిలో మంటగలుపుటకు అట్టి ఖాతా యొకటి చాలును. దాని వెనుకనున్న పేరు రాబట్టుటకు న్యాయమైన మార్గమేది?

ఆ పేరును కంపెనీవారు మనకు చెప్పరు. వకీలు నోటీసు పంపినను చెప్పరు. చెప్పకుండుటయే ధర్మమని మా అభిప్రాయము. ఇవాళ మనమడిగినంతనే దుండగీని పేరు చెప్పు కంపెనీ, రేపు దుండగీడు అడిగినంతనే మన చిరునామాను చెప్పును. చట్టము ఈ తాళపుచెవిని న్యాయస్థానముల చేతను, పోలీసుల చేతను ఉంచినది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 94వ సెక్షను ననుసరించి, న్యాయస్థానము సమను ద్వారాను, స్టేషను అధికారి వ్రాతపూర్వకమైన ఉత్తరువు ద్వారాను ఇట్టి వివరములను తెప్పింపవచ్చును. 2021 నాటి ఐ.టి. నిబంధనలు, అధికారముగల సంస్థ కారణము తెలిపి వ్రాతమూలకముగ కోరినచో కంపెనీ 72 గంటలలోపల సమాచారము నీయవలెననియు, ఖాతా మూసివేయబడినను నమోదు వివరములను 180 దినములు భద్రపఱపవలెననియు శాసించినవి. పరువు పోవునని ఆఱు నెలలు గుట్టుగా నుండి, పిమ్మట స్టేషనుకు పోవు గౌరవనీయులు ఈ సంఖ్యను మఱువరాదు.

ఇట్లు వచ్చునది సామాన్యముగ ఒక పేరు, ఇ-మెయిలు, ఫోను నంబరు, ఖాతాలో ప్రవేశించిన తేదీలు, గంటలు, ఐ.పి. చిరునామాలు. పేరు దొంగపేరే యగును. ఐ.పి. చిరునామాను పట్టుకొని టెలిఫోను కంపెనీని మరల అడుగవలెను. అదియును ఒక కనెక్షనును చూపునే గాని, దానిని వాడిన మనిషిని చూపదు.

బాధితుడు మొదట ఖాతా పూర్తి లింకును వ్రాసికొనవలెను, ఏలయన పేరును వాడు ఏ నిమిషముననైనను మార్చుకొనగలడు. తేదీతో స్క్రీన్‌షాటు తీసి, అది తీసిన ఫోనును భద్రముగ నుంచవలెను. న్యాయస్థానమున భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ధ్రువపత్రము అడుగుదురు. డబ్బు పోయినచో తడవు చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. పరవేషముతో మోసగించుట ఐ.టి. చట్టము 66-డి సెక్షను క్రింద మూడేండ్ల వఱకు శిక్షార్హము. ఆ చట్టపు నేరములను ఇన్‌స్పెక్టరు హోదాకు తక్కువకాని అధికారియే దర్యాప్తు చేయవలెను. సబిన్‌స్పెక్టరుగారు ‘ఇది మా చేతిలో లేదు’ అన్నచో, అది దర్యాప్తును గుఱించిన మాట. ఫిర్యాదు నమోదు చేయకుండుటకు సాకు కాదు. కేవలము పరువునష్టమే యైనచో మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయజాలరు. అప్పుడు సివిలు దావాయే శరణ్యము. ప్రతివాది పేరు తెలియనిచో మన న్యాయస్థానములలో ‘అశోక్ కుమార్’ అని వ్యవహరించు వాడుక గలదు. అసలు పేరుగల అశోక్ కుమార్లు మమ్ము క్షమింతురుగాక.

ఖాతా వివరములు ఒకటి, ఖాతాలోని సందేశములు మఱియొకటి. అమెరికా కంపెనీలు 1986 నాటి తమ దేశపు చట్టమునకు లోబడి, సందేశముల లోపలి మాటలను అక్కడి న్యాయస్థానపు వారంటు లేనిదే సామాన్యముగ ఈయవు. అందులకు 2005 నుండి అమలులోనున్న ఉభయదేశముల పరస్పర న్యాయసహాయ ఒప్పందము మార్గము. ఆ మార్గమెంత దూరమో ఆంధ్రులకు తెలిసినదే. న్యాయమూర్తులను దూషించు వ్రాతలపై దర్యాప్తును 2020 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సి.బి.ఐ.కి అప్పగింపగా, వారును వివరముల కొఱకు ఈ ఒప్పందపు మార్గమునే పట్టవలసివచ్చెను. హైకోర్టు న్యాయమూర్తుల విషయముననే ఇట్లుండగా, నల్లజర్ల గృహస్థుని కాగితము ఏ బల్లపై నిలిచిపోవునో ఊహించుకొనవచ్చును.

ఇక రెండవ వైపు. 1898 నాటి పోస్టాఫీసు చట్టమును చేతబట్టి దొరతనమువారు మన పెద్దల ఉత్తరములను ఆపి, విప్పి చదివిరి. ఆ జ్ఞాపకముగల జాతి ఈ తాళపుచెవిని ఎవరిచేతనుంచినదో చూడుడు. తపాలావారి వద్దనున్న కార్డును స్వాధీనపఱచుకొనుటకు సంహిత 95వ సెక్షను ప్రకారము జిల్లా మేజిస్ట్రేటో, చీఫ్ జ్యుడిషియల్ మేజిస్ట్రేటో, సెషన్సు కోర్టో, హైకోర్టో ఉత్తరువు చేయవలెను. జిల్లా పోలీసు సూపరింటెండెంటుగారు సైతము ఆ ఉత్తరువు వచ్చువఱకు దానిని ఆపుమని మాత్రమే కోరగలరు. ఫేస్‌బుక్కు ఖాతా వివరములకైననో, స్టేషను అధికారి వ్రాసిన కాగితము చాలును! మోసగాని పేరును తెచ్చు ఆ కాగితమే, ఎమ్మెల్యేను విమర్శించిన రైతు పేరును కూడ తేగలదు. ప్రాణహాని, ధనాపహరణము, స్త్రీల మానభంగము వంటి తొందరపని గల నేరములలో స్టేషను అధికారికి ఈ అధికారముండుటకు మా కభ్యంతరము లేదు. తక్కిన సందర్భములలో మేజిస్ట్రేటు సంతకము ఉండి తీరవలెనని పార్లమెంటు 94వ సెక్షనును సవరింపవలెను. కార్డుకు చూపిన మర్యాదయే మేమడుగుచున్నాము.