బ్యాకప్ ఉంది సరే, రీస్టోర్ ఎన్ని గంటల్లో అవుతుంది? ఆఫీస్ ప్లాట్‌ఫామ్ ప్లానింగ్ సింపుల్‌గా

ఇంటర్వ్యూలో "డిజాస్టర్ రికవరీ ఎలా ప్లాన్ చేస్తారు?" అని అడిగితే చాలామంది ఫ్రెషర్స్ చెప్పే ఆన్సర్ ఒకటే: "డైలీ బ్యాకప్ తీస్తాం సార్." సరే, తీశారు. ఆ బ్యాకప్ నుంచి సిస్టమ్ మళ్ళీ లేచి నిలబడటానికి ఎన్ని గంటలు పడుతుంది? అక్కడ సైలెంట్ అయిపోతారు. ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ సైలెన్స్ గురించే.

ముందు ప్లాట్‌ఫామ్ అంటే ఏంటో చూద్దాం. స్లాక్, టీమ్స్, జిరా, కాన్‌ఫ్లుయెన్స్ లాంటివి తీసుకోండి. చాట్, డాక్యుమెంట్లు, టికెట్లు, ఫైల్స్ అన్నీ అందులోనే. అది ఆగితే ఆఫీస్‌లో కరెంట్ ఉన్నా పని ఉండదు.

లోపల మూడు రకాల సామాను ఉంటుంది. ఒకటి, యాప్ సర్వర్లు. వీటిలో సొంతంగా ఏమీ దాచుకోకూడదు. ఒకటి పోతే ఇంకొకటి పెట్టేలా ఉండాలి. రెండు, అసలు డేటా, అంటే డేటాబేస్, ఫైల్స్. ఇది పోతే మళ్ళీ రాదు. మూడు, క్యాష్, సెర్చ్ ఇండెక్స్. ఇవి పోయినా అసలు డేటా నుంచి మళ్ళీ కట్టుకోవచ్చు, కాకపోతే టైమ్ పడుతుంది. ఆర్కిటెక్చర్ గీసేటప్పుడు ప్రతి బాక్స్ పక్కన "ఇది పోతే ఏంటి?" అని రాసుకుంటే సగం ప్లానింగ్ అయిపోయినట్టే.

స్కేలింగ్: యావరేజ్‌ని నమ్మకండి

ఈఏపీసెట్ రిజల్ట్స్ వచ్చే రోజు మీకు తెలుసు కదా. ఏడాదంతా ఖాళీగా ఉండే సైట్ మీద ఆ గంటలో అందరం పడతాం. ఆఫీస్ ప్లాట్‌ఫామ్‌కి ఆ రిజల్ట్స్ రోజు ప్రతి ఉదయం వస్తుంది.

ఒక లెక్క వేద్దాం. కంపెనీలో 5,000 మంది ఉన్నారు, అందరూ 10 నిమిషాల్లో లాగిన్ అయ్యారు అనుకోండి. అంటే సెకనుకి 8 మందికి పైనే. యాప్ ఓపెన్ అవ్వగానే ఒక్కొక్కరికి 20 రిక్వెస్టులు వెళ్తే, సెకనుకి దాదాపు 170 రిక్వెస్టులు. అవే రిక్వెస్టులు 8 గంటల మీద పరిస్తే సెకనుకి 3 లేదా 4. యావరేజ్ చూసి కట్టినవాడు పొద్దున్నే పడిపోతాడు.

2021 జనవరి 4న స్లాక్‌కి అయింది ఇలాంటిదే. న్యూ ఇయర్ సెలవుల తర్వాత మొదటి సోమవారం. జనం ల్యాప్‌టాప్‌లు రోజుల తర్వాత తెరిచారు, క్యాష్ పాతబడిపోయింది, ఒక్కో యాప్ మామూలు కంటే ఎక్కువ డేటా లాగింది. స్లాక్ వాడే అమెజాన్ క్లౌడ్‌లో నెట్‌వర్క్‌లని కలిపే ట్రాన్సిట్ గేట్‌వే అంత వేగంగా పెరగలేకపోయింది. ప్యాకెట్లు పోవడం మొదలైంది.

అసలు ట్విస్ట్ ఇప్పుడు. నెట్‌వర్క్ నుంచి ఆన్సర్ కోసం యాప్ సర్వర్లు ఖాళీగా వెయిట్ చేస్తున్నాయి, కాబట్టి సీపీయూ వాడకం తగ్గింది. ఆటోస్కేలింగ్ ఏమనుకుంది? పని లేదనుకుని కొన్ని సర్వర్లని తీసేసింది! టిఫిన్ సెంటర్‌లో కిచెన్ నుంచి దోసెలు రాక సర్వర్లు చేతులు కట్టుకుని నిలబడితే, ఓనర్ వాళ్ళని చూసి "పని లేదుగా, ఇంటికెళ్ళండి" అన్నట్టు. బయట క్యూ మాత్రం రోడ్డు దాకా ఉంది.

తర్వాత సిస్టమ్ రివర్స్‌లో 1,200 సర్వర్లు ఒక్కసారిగా పెంచబోయింది. అవన్నీ 15 నిమిషాల లోపే. కొత్త సర్వర్లని రెడీ చేసే సర్వీస్ లైనక్స్ ఓపెన్ ఫైల్స్ లిమిట్‌కీ, అమెజాన్ కోటాకీ తగిలి ఆగింది. డ్యాష్‌బోర్డులు కూడా అదే నెట్‌వర్క్ దాటి రావాలి కాబట్టి, ఏం జరుగుతోందో చూసే కిటికీ కూడా మూసుకుపోయింది.

మనం నేర్చుకోవాల్సింది ఏంటంటే, లోడ్ టెస్ట్ మామూలు రోజుకి కాదు, సెలవుల తర్వాతి సోమవారానికి చేయండి. సీపీయూ ఒక్కటే చూసి స్కేల్ చేయకండి, వెయిటింగ్‌లో ఎన్ని రిక్వెస్టులు ఉన్నాయో కూడా చూడండి. కోటాలు ముందే అడిగి పెంచుకోండి. మానిటరింగ్‌ని మెయిన్ సిస్టమ్‌కి దూరంగా పెట్టండి.

రెండు నంబర్లు: ఆర్‌పీఓ, ఆర్‌టీఓ

ఆర్‌టీఓ అనగానే లైసెన్స్ ఆఫీస్ గుర్తొస్తుంది, అది కాదు. ఇక్కడ ఆర్‌పీఓ అంటే ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలం అని. ఆర్‌టీఓ అంటే ఎంతసేపు మూతపడినా తట్టుకోగలం అని. ఈ రెండూ టెక్నికల్ నంబర్లు కావు. కంపెనీ నడిపేవాళ్ళని అడిగి రాయించుకోవాల్సిన నంబర్లు. ఎందుకంటే రెండూ సున్నా కావాలంటే బిల్లు వాళ్ళే కట్టాలి.

ఆర్‌పీఓ ఎలా దెబ్బతింటుందో గిట్‌ల్యాబ్ చూపించింది. 2017 జనవరి 31 రాత్రి, సెకండరీ డేటాబేస్‌లో డేటా తీసేయబోయి ఒక ఇంజినీర్ ప్రైమరీలో కమాండ్ కొట్టారు. ఆపేసరికి దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. సరే, బ్యాకప్ ఉందిగా? వెళ్ళి చూస్తే బకెట్ ఖాళీ. డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే బ్యాకప్ టూల్ 9.2తో నడిచి ప్రతిసారీ ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని చెప్పే మెయిల్స్ కూడా అవతల రిజెక్ట్ అవుతున్నాయి. డిస్క్ స్నాప్‌షాట్లు డేటాబేస్ సర్వర్లకి ఆన్ చేసి లేవు. కాపాడింది ఏంటో తెలుసా? దాదాపు 6 గంటల ముందు వేరే పని కోసం ఒకరు చేత్తో తీసిన స్నాప్‌షాట్. ఆ 6 గంటల డేటా పోయింది. అంటే వాళ్ళ ఆర్‌పీఓని ఆ రోజు అదృష్టం డిసైడ్ చేసింది. మెచ్చుకోవాల్సింది ఒకటుంది, రికవరీని యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చారు, తప్పులన్నీ దాచకుండా రాశారు.

ఇక ఆర్‌టీఓకి అట్లాసియన్ కథ. 2022 ఏప్రిల్ 5న ఒక పాత యాప్‌ని తీసేసే స్క్రిప్ట్ నడిపారు. యాప్ ఐడీల బదులు సైట్ ఐడీలు ఇచ్చారు. ఏపీఐ రెండిటినీ తీసుకుంటుంది, ఒక్క వార్నింగ్ కూడా లేదు. 23 నిమిషాల్లో 775 మంది కస్టమర్ల 883 సైట్లు డిలీట్! బ్యాకప్‌లు ఉన్నాయి, మంచివే. చాలామందికి డిలీట్‌కి 5 నిమిషాల ముందు వరకూ డేటా తిరిగొచ్చింది. కానీ అందరికీ తిరిగి ఇచ్చేసరికి ఏప్రిల్ 18 వచ్చింది. ఎందుకు? ఒక సైట్‌ని రీస్టోర్ చేయడం వాళ్ళకి తెలుసు. వందల సైట్లని, మిగతా కస్టమర్ల డేటా కదలకుండా, ఒకేసారి రీస్టోర్ చేయడానికి ఆటోమేషన్ లేదు. పైగా కస్టమర్ల కాంటాక్ట్ వివరాలు కూడా సైట్‌తో పాటే పోయాయి. సపోర్ట్ టికెట్ వేయాలంటే సైట్ అడ్రస్ కావాలి, సైటే లేదు!

ఇక్కడ చిన్న లెక్క. మీ డేటా 10 టీబీ, బ్యాకప్ నుంచి లైన్ 1 జీబీపీఎస్ అనుకోండి. ఫుల్ స్పీడ్‌లో లాగినా 22 గంటలు. "4 గంటల్లో లేపుతాం" అని పేపర్ మీద రాస్తే, రాసిన రోజే అది అబద్ధం.

రెప్లికా, బ్యాకప్ ఒకటి కాదు

రెప్లికా అంటే అద్దం. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడ కూడా డిలీట్. సర్వర్ చచ్చిపోతే అది కాపాడుతుంది, మనిషి తప్పు చేస్తే కాపాడదు. దానికి బ్యాకప్ కావాలి, అదీ వేరే ఊళ్ళో, వేరే లాగిన్‌తో. డిలీట్ అన్నది కూడా వెంటనే జరగకూడదు. ఫోన్ గ్యాలరీలో డిలీట్ చేసిన ఫోటో కొన్నాళ్ళు ట్రాష్‌లో ఉంటుందే, అలా.

వేరే ఊరు ఎందుకో సౌత్ కొరియా చూపించింది. 2025 సెప్టెంబర్ 26న దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలని వేరే చోటికి మార్చే పనిలో ఉండగా మంటలు వచ్చాయి. 600కి పైగా ప్రభుత్వ సిస్టమ్స్ ఆగాయి. ఉద్యోగులు ఫైల్స్ దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టీబీ కాలిపోయింది. అంత పెద్ద డేటాకి బయట బ్యాకప్ పెట్టలేదు. కొన్ని శాఖల్లో ఆఫీస్ ఫైల్స్ అందులోనే పెట్టాలని రూల్. రూల్ పాటించినవాళ్ళే ఎక్కువ నష్టపోయారు.

మరి ప్లాన్‌లో ఏం రాయాలి?

ఒక్కో రకం డేటాకి ఆర్‌పీఓ, ఆర్‌టీఓ. ముందు ఏది లేవాలో వరుస. లాగిన్ సిస్టమ్ లేవకుండా చాట్ లేపినా లాభం లేదు. రికవరీ స్టెప్స్, ఫోన్ నంబర్లు ఆ ప్లాట్‌ఫామ్ బయట ఒక కాపీ. తాళం చెవి ఇంట్లో పెట్టి తాళం వేయకూడదు కదా. మూడు నెలలకోసారి నిజంగా రీస్టోర్ చేసి, గడియారం పెట్టుకుని, పట్టిన టైమ్ రాయండి. ఆ టైమే మీ అసలు ఆర్‌టీఓ.

స్టూడెంట్స్, మీకు సర్వర్లు లేకపోయినా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఉంది, ఫోన్‌లో అమ్మానాన్నల ఫోటోలు ఉన్నాయి. ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ బ్యాకప్‌లోంచి ఒక్క పాత ఫోల్డర్ వేరే డివైస్‌లోకి తెచ్చి, ఫైల్ ఓపెన్ అవుతుందో లేదో చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో కామెంట్‌లో పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.