అగ్నిపరీక్షలో ఉక్కు

తిరిగే యంత్రాలన్నింటికీ ఆధారం బేరింగు. దానిలోని ఉక్కు కంకణం ఏళ్ళ తరబడి అరిగిపోకుండా కఠినంగా ఉండాలి. దాని కొలతలో కొన్ని మైక్రాన్ల తేడా కూడా రాకూడదు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కాఠిన్యం, కచ్చితత్వం అనే ఈ రెండు గుణాలను ఒకేచోట సాధించడం సులభసాధ్యం కాదు.

ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే దానిని కోసి, తొలిచి ఆకృతి కల్పించగలం. కాఠిన్యం కోసం ఆ తరువాత దానిని ఎర్రగా కాల్చి నూనెలోనో నీటిలోనో ముంచుతారు. గ్రామంలోని కమ్మరి కొడవలికి చేసేదీ ఇదే. దీనిని ఉష్ణోపచారం అంటారు. ఎంతో శ్రమతో రూపొందిన భాగం ఈ దశలో వంగవచ్చు, మెలి తిరగవచ్చు, పగలనూవచ్చు. గట్టిపడిన ఉక్కును మళ్ళీ చెక్కడం కష్టం. అందుచేత పడిన శ్రమ అంతా వ్యర్థమయ్యే ప్రమాదం ఉంది.

ఈ వికృతికి ముఖ్య కారణాలు మూడు. కోత వల్ల, సమ్మెటపోట్ల వల్ల లోహంలో నిలిచిపోయిన ప్రతిబలాలు వేడి తగలగానే విడుదలవుతాయి. ఇది మొదటిది. రెండవది ఉష్ణోగ్రతలోని అసమానత. 100 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఒక మైక్రాను పొడవు పెరుగుతుంది. నూనెలో ముంచినప్పుడు పైపొర ముందుగా చల్లబడి సంకోచిస్తుంది. లోపలి భాగం ఇంకా వేడిగానే ఉంటుంది. పలుచని అంచుకు, మందమైన నడుముకు మధ్య కూడా ఇదే సంఘర్షణ జరుగుతుంది. మూడవది పరమాణువుల అమరికలోని మార్పు. కాలిన ఉక్కులో ఏర్పడే ఆస్టెనైట్ హఠాత్తుగా చల్లబడితే మార్టెన్‌సైట్‌గా మారుతుంది. ఉక్కుకు కాఠిన్యాన్నిచ్చేది ఇదే. అయితే ఈ మార్పులో ఘనపరిమాణం సుమారు 4 శాతం వరకు పెరుగుతుంది. అంటే కాఠిన్యంతోపాటు వ్యాకోచమూ తప్పదు.

ఈ సత్యాన్ని శాస్త్రం వివరించకముందే జపాను ఖడ్గకారులు అనుభవంతో గ్రహించారు. దాదాపు తిన్నగా ఉన్న కత్తి వెన్నుకు మందంగా, అంచుకు పలుచగా బంకమట్టి పూసి, కాల్చి నీటిలో ముంచేవారు. వేగంగా చల్లారిన అంచు మార్టెన్‌సైట్‌గా మారి వ్యాకోచించడంతో కత్తి వెన్నువైపు వంగేది. ఆ ఖడ్గానికి అందమైన వంపు అలా వచ్చినదే. అదే క్షణంలో పగిలిపోయిన కత్తులూ ఉన్నాయి.

ఖడ్గానికి శోభనిచ్చిన ఆ వంపే బేరింగుకు దోషం. కాబట్టి నేటి నిపుణులు తుది కోతకు ముందే ఉక్కును సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, మెల్లగా చల్లార్చి, ప్రతిబలాలను తొలగిస్తారు. పొడవైన భాగాలను నిలువుగా వేలాడదీసి ముంచుతారు. పలుచని కంకణాలను అచ్చుల మధ్య బిగించి చల్లబరుస్తారు. అనంతరం టెంపరింగ్ చేసి పెళుసుదనాన్ని తగ్గిస్తారు. చివర సానపట్టి సరిచేయడానికి వీలుగా ముందే కొంత లోహాన్ని అదనంగా ఉంచుతారు.

ఉక్కులో మార్పును ఎవరూ పూర్తిగా ఆపలేరు. రాబోయే మార్పును ముందుగా ఊహించి, దానికి తగినట్లు తొలి కొలతను నిర్ణయించడమే నిపుణుని ప్రజ్ఞ.