బాయిలర్ పగుళ్ల నుంచి పొత్తికడుపు దాకా

రాజమండ్రి దానవాయిపేటలో గానీ, కాకినాడలో గానీ ఏ స్కానింగ్ సెంటర్లో అడుగుపెట్టినా ఒక బోర్డు కనిపిస్తుంది: ఇక్కడ గర్భస్థ శిశువు లింగ నిర్ధారణ చేయబడదు. 1994 నాటి చట్టం తెచ్చిన నిబంధన అది. ఆ బోర్డు చూసీ చూసీ కాబోలు, స్కానింగ్ అంటే బిడ్డను చూసే యంత్రమనే ముద్ర మన డెల్టాలో పడిపోయింది. నిజానికి ఆ యంత్రం తొలినాళ్లలో వెతికింది కడుపులో గడ్డలను.

1955 జులైలో గ్లాస్గో ప్రసూతి వైద్యుడు ఇయన్ డోనల్డ్, ఆపరేషన్లలో తీసిన ఫైబ్రాయిడ్లనూ అండాశయపు తిత్తులనూ కార్ల డిక్కీల్లో వేసుకుని రెన్‌ఫ్రూ ఊళ్లోని ఒక బాయిలర్ ఫ్యాక్టరీకి వెళ్లాడు. లోహంలో పగుళ్లు పట్టే అల్ట్రాసౌండ్ పరికరం అక్కడుంది. పోల్చి చూడటానికి ఫ్యాక్టరీ వాళ్లు ఒక మాంసం ముక్క కూడా తెచ్చిపెట్టారు. నీటి తిత్తి ఒకలా, గట్టి గడ్డ ఇంకోలా పలికాయి. ఆ తర్వాత ఇంజినీరు టామ్ బ్రౌన్ చేతిలో యంత్రం రూపు దిద్దుకుంది. కడుపులో ముదిరిన క్యాన్సర్ అని వైద్యులు ఆశ వదులుకున్న ఒక స్త్రీకి ఉన్నది అండాశయపు తిత్తేనని అది చూపించింది. తిత్తి తీసేశారు, ఆమె బతికింది. 1958 జూన్‌లో లాన్సెట్ పత్రికలో ఆ పరిశోధన అచ్చయింది. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల మొదలైందీ ఆ ఏడాదే.

పాపికొండల మధ్య లాంచీ కూత వేస్తే కొండ బదులిచ్చినట్టే, ప్రోబ్‌లోని స్ఫటికం పంపిన శబ్దానికి లోపలి అవయవాలు బదులిస్తాయి. మన చెవికి అందని శబ్దం అది. పొట్ట మీద పెట్టే ప్రోబ్ సాధారణంగా 3 నుంచి 5 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. లోతుకు పోతుంది గానీ వివరం తక్కువ. యోని మార్గంలో పెట్టేది అంతకంటే ఎక్కువ పౌనఃపున్యంతో, అవయవాలకు దగ్గరగా ఉండి చూస్తుంది కాబట్టి బొమ్మ స్పష్టం.

ఎండోమెట్రియోసిస్‌లో ఈ తేడాయే అసలు విషయం. గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం బయట, అండాశయం మీదో పేగు మీదో పెరిగి, వాపు పుట్టించి, అవయవాలను ఒకదానికొకటి అతికిస్తుంది. సంతాన వయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అండాశయంలో పాత రక్తం నిండిన చాక్లెట్ సిస్ట్ అయితే తెర మీద గరుకు అద్దంలా మసకగా కనిపిస్తుంది, గుర్తించడం పెద్ద కష్టం కాదు. గర్భాశయం వెనుక పేగు అతుక్కుందో లేదో తేల్చడానికి మాత్రం ప్రోబ్‌తో మెల్లగా నెట్టి, రెండూ ఒకదాని మీద ఒకటి జారుతున్నాయా అని చూడాలి. అలా చూడాలన్న ఆలోచన స్కాన్ తీసే వైద్యుడికి రావాలంటే, పంపిన డాక్టరు చీటీలో ‘కడుపునొప్పి’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. నొప్పి నెలసరితో వస్తోందని, విరేచనానికి వెళ్తే బాధిస్తోందని రాయాలి.

పెళ్లికాని అమ్మాయికి మన దగ్గర లోపలి స్కాన్ చేయరు. “నీళ్లు తాగి కూర్చోమ్మా” అని, మూత్రాశయం నిండాక పొట్ట మీదే చూస్తారు. నొప్పి తరచుగా మొదలయ్యేది ఆ వయసులోనే. సిస్ట్ లేకపోతే రిపోర్టులో ‘నార్మల్’ అని వస్తుంది. ఇంట్లో “అందరికీ ఉండేదేలే” అనేస్తారు. నా దృష్టిలో ఎమ్మారై అక్కరకొచ్చేది ఇలాంటి చోటే. పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ తెచ్చిన ఈ యంత్రం అయస్కాంతంతో పనిచేస్తుంది, ప్రోబ్ లోపల పెట్టనక్కర్లేదు. పాత రక్తం ఒక రకం చిత్రంలో తెల్లగా మెరుస్తుంది, ఇంకో రకంలో నల్లబడుతుంది. ఆ జంట గుర్తుతో సిస్ట్ దాదాపు పట్టుబడుతుంది. పేగు లోతులోకి దిగిన వ్యాధిని పట్టడంలో మాత్రం అనుభవమున్న చేతిలోని లోపలి స్కాన్ దీనికి తీసిపోదు, ఖర్చూ తక్కువ. సీటీ స్కాన్ ఈ పనికి పెద్దగా ఉపయోగపడదు, పైగా రేడియేషన్.

ఉదరపు పొర మీద చిన్న చుక్కల్లా ఉండే వ్యాధి మాత్రం వీటిలో దేనికీ సరిగా దొరకదు. పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసే లాపరోస్కోపీకే అది కనిపిస్తుంది. అయినా యూరప్ సంతానోత్పత్తి వైద్య సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు, నిర్ధారణ కోసమే ప్రతి ఒక్కరికీ లాపరోస్కోపీ అక్కర్లేదన్నాయి. స్కాన్ నార్మల్ అని వచ్చినా వ్యాధి లేదనుకోకూడదని, లక్షణాలను బట్టి హార్మోన్ మాత్రలతో వైద్యం మొదలుపెట్టవచ్చని కూడా అవే చెబుతున్నాయి.